పాత కారులోకి నీళ్లు వస్తున్నాయా? సిలికాన్ ట్యూబ్ కొనే ముందు ఇది చదవండి

వానలు మొదలైతే చాలు, ఇదే ప్రశ్న పదే పదే వస్తుంది. "రాత్రి కారు బయట పెట్టాను, పొద్దున చూస్తే కాళ్ల దగ్గర మడుగు. షెడ్డులో సిలికాన్ పూశారు. అయినా ఆగలేదు." అడిగేది మిర్యాలగూడ వాళ్లైనా, జడ్చర్ల వాళ్లైనా, వనపర్తి వాళ్లైనా కారు వయసు మాత్రం పదేళ్లు దాటే ఉంటుంది.

ముందుగా ఒక విషయం. కారు బాడీని నీళ్లు అసలే చొరబడకుండా తయారు చేయరు. డోర్ అద్దం పక్క సందులోంచి వాన నీళ్లు డోరు లోపలికి దిగుతాయి, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. వైపర్ల కింది జాలీలోకి దిగిన నీళ్లు రెండు చివర్ల నుంచి ముందు చక్రాల వెనక్కి జారిపోతాయి. ఏసీ నీళ్లకు వేరే పైపు ఉంటుంది. రావడానికి, పోవడానికి రెండు దారులూ కంపెనీ పెట్టినవే. పాత కార్లలో ఎక్కువగా పూడుకుపోయేది పోయే దారి. దాన్ని వదిలేసి వచ్చే దారికి సిలికాన్ పూస్తే నీళ్లు ఇంకో చోట తేలతాయి.

అందుకే ఈ పని వరుస ఇలా ఉండాలి: ఏ నీళ్లో తేల్చుకోవడం, పోయే దారులు శుభ్రం చేయడం, నీళ్లు పోసి పరీక్షించడం, ఆ తర్వాత అవసరమైన చోట మాత్రమే మూయడం. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

1. ఎప్పుడు మొదలుపెట్టాలి

మృగశిర కార్తెకు ముందే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండ కారు రబ్బరును మాత్రం వదులుతుందా? డోర్ బీడింగులు (డోరు చుట్టూ ఉండే రబ్బరు పట్టీలు), అద్దం చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడి చిట్లేది ఆ ఎండలకే. తొలి వానకు అన్నీ ఒకేసారి బయటపడతాయి. పైగా మే నెలలో తడి కార్పెట్ తొందరగా ఆరుతుంది, జూలైలో వారం పట్టినా ఆరదు.

పని పొద్దున పూటే పెట్టుకోండి. మధ్యాహ్నం ఎండలో కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు పోయకండి, పాత అద్దంలో చిన్న పగులుంటే అది పెరుగుతుంది.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ మంచి టార్చి (ఫోన్ లైట్ డ్యాష్‌బోర్డు కిందికి సరిగా అందదు)
☐ స్టార్, మైనస్ స్క్రూడ్రైవర్లు, 8, 10, 12, 14 నంబర్ల పానాలు
☐ డోర్ ప్యాడ్ క్లిప్పులు లేపడానికి ప్లాస్టిక్ పట్టీ
☐ కొత్త క్లిప్పులు కొన్ని (పాతవి తీస్తే విరుగుతాయి, ముందే కొని పెట్టుకోండి)
☐ 4 ఎంఎం డ్రిప్ మైక్రో ట్యూబ్ ఒక మీటరు, గడ్డి కోసే మిషన్ నైలాన్ దారం ఒక మీటరు
☐ తోటకు నీళ్లు పెట్టే మామూలు పైపు, మగ్గు
☐ పాత న్యూస్‌పేపర్లు, టాల్కమ్ పౌడర్
☐ బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ), పాలీయురేథేన్ సీలెంట్ (ఆరాక రబ్బరులా సాగే జిగురు)
☐ ఎమరీ పేపర్, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, బ్రష్షు

డ్రిప్ ట్యూబ్ ఎందుకంటే, ఇనుప తీగ లాగా రబ్బరు గొట్టాన్ని చీల్చదు. నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోటలున్న ఏ ఊళ్లో అడిగినా దొరుకుతుంది.

3. ముందు ఏ నీళ్లో తేల్చుకోండి

తడిసిన చోట వేలు పెట్టి రుద్ది, వాసన చూడండి. సగం జవాబు అక్కడే ఉంటుంది.

జిగటగా, తియ్యటి వాసనతో ఉందా? అది వాన నీరు కాదు, రేడియేటర్ కూలెంట్. డ్యాష్‌బోర్డు లోపలి హీటర్ కారుతోంది. ముందు అద్దానికి లోపలి వైపు జిడ్డు పొగమంచు పట్టడం దీనికి ఇంకో గుర్తు. ఇలా ఉంటే మిగతా పని ఆపి ముందు కూలెంట్ మట్టం చూడండి, ఇంజన్ వేడెక్కి ఆగిపోయే ప్రమాదం ఉంది. మన ఎండలకు హీటర్ వాడేది తక్కువ కాబట్టి చాలా షెడ్లలో దాన్ని బైపాస్ చేసేస్తారు, అంటే కూలెంట్ హీటర్‌లోకి పోకుండా పైపు కలిపేస్తారు. పాత కారుకు అది సరిపోతుంది. కూలెంట్ విషం, కారిన చోట కుక్కలు, పిల్లులు నాకకుండా కడిగేయండి.

వాన లేని రోజు కూడా, ఏసీ వేసుకుని తిరిగాక ఎడమ వైపు ముందు సీటు కింద తడుస్తోందా? అది ఏసీ నీరు. మన కార్లలో ఏసీ కాయిల్ ఎక్కువగా గ్లౌబాక్స్ వెనకే ఉంటుంది.

వాన పడ్డాకే, లేదా వాటర్ సర్వీసింగ్ చేయించాకే తడుస్తోందా? అది బాడీ లీకేజీ. ఇక్కడ ఇంకో ప్రశ్న వేసుకోండి. నిలిపిన కారులోకి వస్తున్నాయా, వానలో నడిపినప్పుడే వస్తున్నాయా? నడిపినప్పుడే అయితే చక్రం చిమ్మిన నీరు అడుగు నుంచి ఎక్కుతోందని అర్థం. ఫ్లోర్‌కు ఉన్న రబ్బరు బిరడా ఊడిపోయి ఉంటుంది, లేదా ఇంజన్ వైపు గోడలో వైరింగ్ దూరే రబ్బరు చిరిగి ఉంటుంది.

తడిసిన చోటును బట్టి అనుమానించాల్సినవి:

• ముందు ఎడమ: ఏసీ పైపు, వైపర్ల కింది జాలీ
• ముందు కుడి: జాలీ, క్లచ్ కేబుల్, బానెట్ కేబుల్ దూరే రబ్బర్లు
• వెనక సీటు కాళ్ల దగ్గర: వెనక డోర్ల లోపలి పాలిథిన్ షీటు, లేదా ముందు నుంచి కార్పెట్ కింద పారి వచ్చిన నీళ్లు
• డిక్కీ, స్టెప్నీ గుంత: టెయిల్ ల్యాంపులు, డిక్కీ బీడింగ్, బంపర్ వెనక గాలి రంధ్రాల రబ్బర్లు
• రూఫ్ బట్ట మీద మరక: యాంటెన్నా, క్యారియర్ కోసం కొట్టిన స్క్రూలు, రూఫ్ గాడిలో పగిలిన సీలెంట్

ఈ జాబితా అనుమానానికే, తీర్పుకు కాదు. నీళ్లు వైరు పట్టుకుని, రేకు అంచు పట్టుకుని రెండు మూడు అడుగులు ప్రయాణించి మరో చోట రాలతాయి.

మన దగ్గర ఒక సౌలభ్యం ఉంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లతో కడిగిన కారులో లీకేజీ ఉంటే, ఆరిన తర్వాత దారి పొడవునా తెల్లటి గీత మిగులుతుంది. కార్పెట్ లేపి టార్చి ఏటవాలుగా వేయండి, ఆ గీత పట్టుకుని పైకి పోతే మూలం దొరుకుతుంది.

4. పోయే దారులు తెరవడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. చాలా కార్లు ఈ మెట్టుతోనే బాగుపడతాయి.

4.1 వైపర్ల కింది జాలీ

వేప చెట్టు కింద, చింత చెట్టు కింద పార్క్ చేసే కారైతే మొదట అనుమానించాల్సింది దీన్నే, మీ నీళ్ల మూలం ఇదే కావచ్చు. చింతాకు ఎంత చిన్నదంటే జాలీ రంధ్రాల్లోంచి నేరుగా లోపలికి జారుతుంది, ఎర్రమట్టి దుమ్ముతో కలిసి పేస్టులా తయారవుతుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర నిలిపే కార్లలో ఊక, పత్తి సీజన్లో దూది పోగులు కూడా చేరతాయి. పల్లెల్లో ఎలుకలు అక్కడ గూడే పెడతాయి.

• వైపర్లు ఆగే చోట అద్దం మీద టేపు ముక్క అతికించండి. బిగించేటప్పుడు అదే గుర్తు.
• వైపర్ నట్లు విప్పి, క్లిప్పులు లేపి, ప్లాస్టిక్ జాలీ తీయండి. ఎండిన ప్లాస్టిక్ పెళుసు, ఒక మూల పట్టుకుని గుంజకండి.
• చెత్తను చేత్తో పైకి తీయండి. నీళ్లు కొట్టి కిందికి తోయకండి, అది మెడ దగ్గర గట్టిగా ఇరుక్కుంటుంది.
• రెండు చివర్లలో ఉన్న దారిని నైలాన్ దారంతో కదపండి.
• ముందు డోరు తెరిస్తే కబ్జాల దగ్గర మడ్‌గార్డ్ వెనక సందు కనిపిస్తుంది. ఆకులు అక్కడా చేరతాయి, వాటినీ తీయండి.
• చివరగా ఒక్కో చివర మగ్గు నీళ్లు మెల్లగా పోయండి. వెంటనే ముందు చక్రం వెనక కారాలి. నిలిచి నిలిచి దిగితే ఇంకా అడ్డం ఉంది.

నీళ్లు పోసేటప్పుడు మధ్యలో పోయకండి. బయటి గాలి లోపలికి తీసుకునే పెద్ద రంధ్రం అక్కడే ఎక్కడో ఉంటుంది, అందులో పడితే బ్లోయర్ (ఏసీ గాలి ఊదే ఫ్యాన్) మోటారు తడుస్తుంది. ఇప్పటికే ఏసీ వేస్తే టకటకమని శబ్దం వస్తోందంటే ఆకులు బ్లోయర్ దాకా చేరాయని లెక్క.

4.2 ఏసీ నీటి పైపు

ఉక్కగా ఉన్న రోజు ఏసీ వేసి పది పదిహేను నిమిషాలు కారు నిలపండి. ముందు ఎడమ వైపు కింద చుక్కలు పడాలి. పడకుండా, లోపల గ్లౌబాక్స్ దగ్గర నీళ్లు కదులుతున్న శబ్దం వస్తే పైపు మూసుకుంది. మే నెల పొడి మధ్యాహ్నం ఈ పరీక్ష చేసి భయపడకండి, గాలిలో తేమే లేకపోతే చుక్కలూ తక్కువే.

పైపు కొన ఇంజన్ వెనక గోడ కింద ఉంటుంది, వేలి లావు రబ్బరు గొట్టం. కొన్నిసార్లు మట్టిగూడు కట్టే కందిరీగలు దాని మూతిని పూర్తిగా మూసేస్తాయి. ఇంజన్ చల్లారాక మూతి దగ్గరి మట్టి తీసి, డ్రిప్ ట్యూబును నాలుగైదు అంగుళాలు మాత్రమే మెల్లగా దూర్చి తిప్పండి. అంతకు మించి పొడిస్తే ఏసీ కాయిల్‌కు తగలవచ్చు, అప్పుడు ఖర్చు వేలల్లో.

పంక్చర్ షాపు కంప్రెసర్‌తో కింది నుంచి గాలి కొట్టడం చాలామంది చేసేదే. వద్దు. నిలిచిన నీళ్లు, బురద అన్నీ వెనక్కి ఎగసి డ్యాష్‌బోర్డు లోపల పడతాయి. తడి పీల్చే వ్యాక్యూమ్ ఉంటే కింది నుంచి పీల్చండి, అది క్షేమం.

కారును జాకీ మీద లేపి కిందికి దూరకండి. చేయి అందకపోతే ర్యాంపు ఉన్న సర్వీసింగ్ సెంటర్లో చూడండి.

4.3 డోర్లు

డోర్ తెరిచి మూస్తుంటే లోపల గలగల నీళ్లు కదిలే శబ్దం వస్తోందా? అడుగు రంధ్రాలు పూడాయి. ఒక్కో డోరు అడుగు అంచున రెండు మూడు ఉంటాయి. కేబుల్ టై దూర్చి మట్టి తీయండి, ఆ తర్వాత అద్దం బయటి సందులో మగ్గు నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి.

అండర్ కోటింగ్ చేయించిన కార్లను ప్రత్యేకంగా చూడాలి. తుప్పు రాకూడదని కొట్టిన నల్ల తారు ఈ రంధ్రాలను, డోర్ల కింద గడపలా ఉండే సిల్ రేకు రంధ్రాలను మూసేస్తుంది. తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది, బయటికి నిగనిగలాడుతూనే ఉంటుంది.

4.4 సన్‌రూఫ్ ఉంటే

నాలుగు మూలలా నాలుగు సన్న గొట్టాలుంటాయి. మూలలో కొద్దిగా నీళ్లు పోస్తే గ్లాసు ఖాళీ అయినంత వేగంగా పోవాలి. పోకపోతే నైలాన్ దారం. ఇక్కడా గాలి కొట్టకండి, లోపల గొట్టం ఊడితే రూఫ్ బట్ట మొత్తం దింపాలి.

5. నీటి పరీక్ష

దారులన్నీ తెరిచాక కూడా తడుస్తుంటేనే ఇది. ఇద్దరు కావాలి, ఒకరు బయట పైపుతో, ఒకరు లోపల టార్చితో.

• కార్పెట్ లేపి, ఫ్లోర్ రేకు పూర్తిగా తుడిచి, న్యూస్‌పేపర్లు పరవండి. మొదటి చుక్క పేపరు మీద స్పష్టంగా కనబడుతుంది.
• అనుమానం ఉన్న రబ్బరు వెంబడి లోపలి వైపు టాల్కమ్ పౌడర్ చల్లండి. నీళ్లు వచ్చిన చోట పౌడర్‌లో గీత పడుతుంది.
• పైపు మూతికి గన్ పెట్టకండి, ధార మెత్తగా పారాలి. ప్రెషర్ వాషర్ అయితే మంచి బీడింగ్‌లోంచి కూడా నీళ్లు దూరి తప్పుడు జవాబిస్తుంది.
• కింది నుంచి పైకి వెళ్లండి: మొదట డోరు కింది అంచు, తర్వాత పక్క, తర్వాత అద్దం, చివరికి రూఫ్. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటినీ తడుపుతూ దిగుతాయి, ఎక్కడ కారుతోందో తేలదు.
• ఒక్కో చోట కనీసం ఐదు నిమిషాలు ఆగండి. సహనం లేక రెండో నిమిషంలోనే పక్కకు జరగడం వల్ల చాలా పరీక్షలు పాడవుతాయి.

డిక్కీకి అయితే ఒకరు లోపల కూర్చుని మూయించుకోవడం లాంటివి చేయకండి. వెనక సీటు మడిచి అటు నుంచి టార్చి వేస్తే చాలు.

6. ఇప్పుడు మూయండి

డోర్ బీడింగ్. న్యూస్‌పేపర్ పట్టీ పెట్టి డోరు మూసి లాగండి. బిగువుగా రావాలి. సులువుగా జారిందంటే అక్కడ రబ్బరు నలిగింది, లేదా డోరు కుంగింది. కబ్జా అరిగి డోరు కుంగితే కొత్త బీడింగ్ వేసినా లాభం లేదు, ముందు డోరు సరి చేయించండి. బీడింగ్ అతుకు కింది వైపుకు రావాలి, పైన పెడితే అతుకులోంచే కారుతుంది.

డోరు లోపలి పాలిథిన్. పాత కార్లలో తరచుగా దొరికే దొంగ ఇదే. స్పీకర్లు పెట్టినప్పుడో, పవర్ విండో బాగు చేసినప్పుడో ఈ షీటు చింపి, సగం అతికించి, ప్యాడ్ మూసేస్తారు. ప్యాడ్ తీసి చూడండి. చిరిగితే మందపాటి పాలిథిన్ అదే సైజులో కత్తిరించి, బ్యూటైల్ టేపుతో చుట్టూ ఎక్కడా సందు లేకుండా అతికించండి. కింది అంచు డోరు లోపలికి మడిచి ఉండాలి, నీళ్లు డోరులోకే జారాలి. మామూలు రెండు వైపుల టేపు మన ఎండకు మొదటి వేసవిలోనే ఊడుతుంది.

ముందు అద్దం. అంబాసిడర్, మారుతి 800, ఒమ్ని లాంటి రబ్బరు చట్రం అద్దాలకు రబ్బరు పెదవి లేపి, గట్టిపడని విండ్‌స్క్రీన్ సీలెంట్ లోపలికి పంపవచ్చు. రబ్బరు పెళుసైతే మాత్రం మార్చడమే. అతికించిన అద్దాలకు మీరు పైన పూసేది ఏదీ నిలవదు, అద్దం తీసి పాలీయురేథేన్‌తో మళ్లీ అతికించాలి. అది అద్దాల షాపు పని.

టెయిల్ ల్యాంప్. నట్లు విప్పి, పాత స్పాంజి గీకేసి, బ్యూటైల్ టేపు చుట్టి పెట్టండి. ఎక్కువ బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది.

గ్యాస్ కిట్ పెట్టించిన కార్లు. సిలిండర్ బిగించడానికి, పైపు, వైరింగ్ పంపడానికి డిక్కీ అడుగున, ఇంజన్ గోడలో రంధ్రాలు కొడతారు. వాటికి గ్రోమెట్ (రంధ్రం అంచుకు వేసే రబ్బరు రింగు) లేకపోతే పెట్టించండి. గ్యాస్ పైపును మాత్రం మీరు కదపకండి.

ఏ సీలెంట్ కొనాలి? వెనిగర్ వాసన వచ్చే బాత్రూమ్ సిలికాన్ వద్దు. దాంట్లోంచి వచ్చే ఆమ్లం రేకును తినేస్తుంది, పైగా దాని మీద తర్వాత పెయింట్ పట్టదు. పూసే చోటు పొడిగా, జిడ్డు లేకుండా ఉండాలి. తడి మీద పూసింది ఊడిపోతుంది.

7. ఆరబెట్టడం, తుప్పు చూడటం

పైన కార్పెట్ ఆరినట్టు కనిపిస్తే నమ్మకండి. దాని కింద మందపాటి ఫోమ్ లేదా జనపనార పట్టీ ఉంటుంది, నీళ్లు తాగి కూర్చునేది అదే. సీటు బోల్టులు విప్పి, కార్పెట్ బయటికి తీసి ఎండలో వేయండి. వీలు కాకపోతే కింద చెక్క ముక్కలు పెట్టి లేపి, టేబుల్ ఫ్యాన్ పెట్టండి.

ఎయిర్‌బ్యాగులున్న కారైతే సీటు బోల్టులు విప్పకముందే బ్యాటరీ నెగటివ్ తీసి కొంతసేపు ఆగాలి. సీటు కింది పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి, తెలియకపోతే వాటి జోలికి పోకండి. కొన్ని కార్లలో ఇంజన్ కంప్యూటర్ కూడా డ్యాష్‌బోర్డు కింద ఎడమ వైపే ఉంటుంది. దాని కనెక్టర్‌లో తడి కనిపిస్తే ఆరేదాకా స్టార్ట్ చేయకండి.

రేకు ఆరాక స్క్రూడ్రైవర్ వెనక భాగంతో తట్టి చూడండి. గట్టి శబ్దం వస్తే ఎమరీ పేపర్‌తో రుద్ది, రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు, దానిపై పెయింట్. మెత్తగా దిగితే రేకు పోయింది, వెల్డింగ్ పని. ఫ్లోర్ రబ్బరు బిరడాలు తిరిగి పెట్టడం మరవకండి. నీళ్లు పోతాయని వాటిని తీసి వదిలేసేవాళ్లున్నారు, వానలో ఆ రంధ్రాల్లోంచే నీళ్లు పైకొస్తాయి.

వాసనకు వంట సోడా చల్లి రాత్రంతా ఉంచి దులిపేయండి. పెర్ఫ్యూమ్ డబ్బీతో ముక్కును మోసం చేయవచ్చు కానీ, తడి అలాగే ఉంటుంది.

8. చేసిన పని మళ్లీ పాడయ్యేది ఇలా

సమస్య: సిలికాన్ పూశాక నీళ్లు ఇంకో వైపు వస్తున్నాయి.
దారి: పోయే రంధ్రం మూశారు. పూసింది గీకేసి 4వ మెట్టుకు రండి.

సమస్య: అన్నీ చేశాక తొలి వానకు మళ్లీ తడి.
దారి: కార్పెట్ కింది ఫోమ్ ఆరక ముందే వేశారేమో చూడండి. పాత నీళ్లే పైకి వస్తుండవచ్చు.

సమస్య: కారు ఒక చోట పెడితేనే లీకేజీ.
దారి: నేల వాలు చూడండి. ముక్కు ఎత్తుగా ఉంటే నీళ్లు పోయే రంధ్రం వైపు కాక వెనక్కి పారతాయి. నీటి పరీక్ష అదే వాలులో చేయండి.

9. షెడ్డుకు ఎప్పుడు వెళ్లాలి

హీటర్ కారితే, అతికించిన అద్దం కారితే, రూఫ్ గాడి సీలెంట్ పగిలితే, ఫ్లోర్ రేకు మెత్తబడితే మీరు ఆపేయండి. వాగు దాటుతూ నీళ్లు డోరు పైకి వచ్చిన కారు కూడా ఈ పద్ధతికి లొంగదు. దాన్ని స్టార్ట్ చేయకుండా తాడు కట్టి తీసుకెళ్లాలి.

మెకానిక్‌తో "నీళ్లు వస్తున్నాయి, చూడండి" అనకండి. ఏ చోట పైపు పెడితే, ఎన్ని నిమిషాలకు, ఎక్కడ మొదటి చుక్క పడిందో చెప్పండి, పౌడర్‌లో గీత పడిన ఫోటో ఉంటే చూపించండి. పని అయ్యాక కార్పెట్ వేయకముందే, మీ ముందే అదే చోట నీళ్లు పోయించి, డబ్బులు ఆ తర్వాత ఇవ్వండి.